కానుగ నూనె, కబడ్డీ, ఒక పిడుదు

మా ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా, భోజనాలయ్యి ఆకులు ఎత్తేలోపల మా తమ్ముడు గొంతు సవరించుకుంటాడు. వాడు గొంతు సవరించుకున్నాడంటే నా కబడ్డీ కథ వస్తోందని అర్థం. "మా అక్క చిన్నప్పుడు ఒళ్ళంతా కానుగ నూనె పూసుకోని పోయి కడప జట్టును ఓడిచ్చింది. పట్టుకుంటే చాలు, జర్రున జారిపోయేది. కప్పు తీసుకోనే ఇంటికొచ్చె" అంటాడు. ఇంట్లోకి కొత్తగా వచ్చిన కోడళ్ళూ అల్లుళ్ళూ నా ఇప్పటి ఆకారాన్ని ఒకసారి ఎగాదిగా చూసి, మర్యాద కోసం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. ఆ కథలో నిజమైన మాట కానుగ నూనె ఒక్కటే. మేం గెలవలేదు. కప్పు అన్నది అసలు ఆ మైదానంలోనే లేదు. నూనె నేను పూసుకోలేదు, నాకు పూశారు (ఈ రెండింటి మధ్య తేడా తెలియని వాళ్ళు కోర్టుల్లో సాక్ష్యాలు చెప్పకుండా ఉంటే దేశానికి మంచిది). పైగా వాడు ఆ రోజు కడపకే రాలేదు. నిక్కరు కూడా సరిగ్గా నిలవని వయసులో ఇంట్లో అరుగు మీద కూర్చుని బొరుగులు తింటున్నాడు. చూడనివాడు చెప్పిందాన్ని చూసిన మనిషి ఇన్నేళ్ళు నోరు మూసుకుని వినడం నాకే ఆశ్చర్యంగా ఉంది. నన్నెరిగిన వాళ్ళకు ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది.

మేం పెరిగిన కాలంలో పిల్లల్ని పురుగు కరవడం ఒక సంఘటన కాదు. దోమ, చీమ, నల్లి, గండుచీమ, జెర్రి అందరూ వంతులవారీగా వచ్చి పోయేవారు. ఇప్పుడు మా మేనకోడలు, అంటే ఆ అబద్ధాలకోరు కూతురు, బెంగుళూరు నుంచి ఫోన్ చేసి అడుగుతుంది: "అత్తా, పిల్లోన్ని పార్కుకు తీస్కపోతే పిడుదులు కరుస్తాండాయి. కెమికల్స్ వద్దు, నేచురల్‌గా ఏమన్నా ఉంటే చెప్పు." నేచురల్ అనే మాట వింటేనే నాకు ముక్కు మండుతుంది. నా బాల్యమంతా నేచురలే తల్లీ. ఆ నేచురల్ వాసనకు మా లెక్కల సారు నన్ను కిటికీ పక్క బెంచీకి మార్చి, కిటికీ తెరిచి, తను బోర్డుకు ఆ చివరనుంచి లెక్కలు చెప్పేవాడు. నాకు బీజగణితం రాకపోవడానికి కానుగ చెట్టు కూడా కొంత బాధ్యత వహించాలి.

మాది కమలాపురం పక్కన పల్లె. బడికి ఆటస్థలం లేదు. బడి వెనక ఒక రైతు బీడు ఉండేది. అందులో ఆడుకోమని ఆయన దయతలచాడు. దయ వరకు బాగానే ఉంది, కానీ ఏటా శనక్కాయ పీకిన తర్వాత చుట్టుపక్కల చేలకు ఎరువు కోసం గొర్రెల మందలు వచ్చేవి. రాత్రి చేలో మంద కట్టేస్తే తెల్లారేసరికి ఎరువు తయారు. ఇది మా సీమలో అందరికీ తెలిసిన పద్ధతే. పగటిపూట ఆ గొర్రెలు విశ్రాంతి తీసుకునేది మాత్రం మా కబడ్డీ బీడులో. గొర్రెలు పోతాయి, వాటి పిడుదులు పోవు. గొర్రె చెవి వెనక పట్టుకుని రక్తం తాగి శనగ్గింజంత ఉబ్బే ఆ పురుగులు, గడ్డి పరకల కొసలకెక్కి కాళ్ళు చాపుకుని, తర్వాత వచ్చే వెచ్చటి ప్రాణి కోసం ఎదురు చూస్తాయి. తర్వాత వచ్చేది మేం, మోకాళ్ళ దాకా నిక్కర్లు వేసుకుని.

నిక్కరు గురించి ఊళ్ళో చాలామందికి అభ్యంతరం ఉండేది. మా అవ్వకు, అంటే నాయన తల్లికి, మాత్రం పరువు బాధ లేదు. "కాళ్ళు చూపిస్తే ఏం పోతాది, అందరికీ ఉండేవే గదా. కానీ పిడుదులకు అన్నం పెట్టినట్లు ఉండాది నీ యవ్వారం" అనేది.

అసలు గొడవ మొదలైంది నేను తొమ్మిదో తరగతిలో ఉండగా. నా చంకలో ఒక పిడుదు పట్టింది. మా చిన్నాయన ఉండేవాడు, ప్రపంచంలోని సమస్యలన్నిటికీ ఆయన దగ్గర బీడీయే పరిష్కారం. "గమ్మునుండు, ఒక్క చురక పెడితే అదే ఊడొస్తాది" అని వెలిగించిన బీడీ ఆనించాడు. పిడుదు ఊడలేదు, నా చర్మం ఊడింది. తర్వాత ఆయన దాన్ని పట్టుకుని మెలితిప్పి లాగితే ఒళ్ళు వచ్చింది, మూతి లోపలే ఉండిపోయింది. చీము పట్టి, జ్వరమొచ్చి, నన్ను కడప పెద్దాసుపత్రిలో పడుకోబెట్టారు. అక్కడి డాక్టరమ్మ మా నాయనను నిలబెట్టి కడిగేసింది. పిడుదును కాల్చకూడదట, కిరసనాయిలు పోయకూడదట, మెలితిప్పకూడదట. చర్మానికి ఆనుకునేట్టు పట్టుకుని, తొందరపడకుండా, నిటారుగా లాగెయ్యాలట. చిన్నాయన అప్పటికే బీడీ తాగే నెపంతో గేటు బయటికి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక నాయన మాట్లాడింది తక్కువ. ఆయన ఎప్పుడూ తక్కువే మాట్లాడతాడు, అందుకే ఆయన మాటకు ఇంట్లో అప్పీలు ఉండేది కాదు. "ఇంగొక్క పిడుదు ఈ బిడ్డ ఒంటి మీద కనపడిందంటే ఆ పొద్దే కబడ్డీ బంద్" అన్నాడు. నేను ఏడ్చాను, అరిచాను, అన్నం మానేశాను (మధ్యాహ్నం మాత్రమే, రాత్రికి బొరుగులతో ఉగ్గాని చేశారు). నా ఏడుపుకు కారణం ఉంది. మా పల్లెలో ఆడపిల్ల బస్సెక్కేది ఆసుపత్రికో, చుట్టాల చావుకో. కబడ్డీలో జిల్లా జట్టుకు ఎంపికైతే అనంతపురం పోవచ్చు, కర్నూలు పోవచ్చు, నంద్యాల పోవచ్చు, ఎవరూ చావనక్కరలేదు. ఆ ఎంపిక కడపలో, ఊళ్ళ జట్లను ఒకదానితో ఒకటి ఆడించి చేస్తారు. అప్పటిదాకా ఒంటి మీద పిడుదు లేకుండా ఆ బీడులో ఆడాలి. అది వానలో తడవకుండా తిరగడం లాంటిది.

అవ్వ ముందుకొచ్చింది. "పిడుదు సంగతి నేను చూసుకుంటా అబ్బీ, బిడ్డ ఆటకు అడ్డం పడద్దు" అని కొడుక్కు మాటిచ్చింది. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికి ఆమె ఎంచుకున్న ఆయుధం కానుగ నూనె. గానుగాడించిన కానుగ నూనెలో వేపాకు, వెల్లుల్లి వేసి కాచి, మడమల నుంచి మెడ దాకా పట్టించేది. అరచేతులకు మాత్రం పూసేది కాదు, అవి అన్నం తినే చేతులు కాబట్టి. సాయంత్రం ఆట నుంచి రాగానే వేపాకు మరిగించిన నీళ్ళు పోసేది.

ఇది మేం ఖాలా (ఉర్దూలో పిన్ని) అని పిలిచే పక్కింటామెకు నచ్చలేదు. ఖాలా భర్త లారీ డ్రైవరు, ఆమె ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. మా అవ్వతో రోజుకొకసారి వాదించకపోతే ఆమెకు పని సాగేది కాదు.

"నూనె పూస్తే దుమ్మంతా అంటుకుంటాది పెద్దమ్మా. దుమ్ము మీద పిడుదు చాప పరుచుకోని కూర్చున్నట్లు కూర్చుంటాది. కాళ్ళకు గుడ్డ ఉండాల. గుడ్డలకు లోబాన్ పొగ పట్టీయాల."

"నీ పొగకు పిడుదు పోదు, పాప పోతాది" అంది అవ్వ.

"నీ నూనెకు మాత్రం పిడుదొగటే పోతాందా? వీధిలో కుక్కలు గూడా పోతాండాయి."

"పోతే పోనీ. అవి గూడా పిడుదులు మోసేవే గదా."

చివరికి ఇద్దరూ రాజీపడ్డారు. పెద్దవాళ్ళు రాజీపడితే పిల్లలకు రెండు శిక్షలూ పడతాయి. నూనె పూశాక, లారీ డ్రైవరు పాత ఖాకీ మేజోళ్ళు మోకాళ్ళ దాకా లాగి రబ్బరు బ్యాండ్లు వేసేవారు. నిక్కరు మడతల్లో వావిలాకు. వీటన్నిటి మీద లోబాన్, అంటే సాంబ్రాణి, పొగ. నేను వీధిలోకి వస్తే జనం పక్కకు తప్పుకునేవారు. మా చిన్నాయన సీతాఫలం గింజలు నూరి తలకు పెడదామని ఒక సలహా పడేశాడు. "కండ్లల్లో పడితే కండ్లు పోతాయి, నీకిప్పటికే తలకాయి పోయిండాది" అని ఖాలా ఆయనకు అక్కడే సమాధానం చెప్పింది. మా అమ్మ మాత్రం ఈ సభల్లో పాల్గొనలేదు. "మీరూ మీ పిడుదులూ" అని బర్రెల దగ్గరికి వెళ్ళిపోయేది.

ఇన్ని చేసిన తర్వాత రోజూ సాయంత్రం తనిఖీ. అరుగు మీద నన్ను నిలబెట్టి, చెవుల వెనక, మెడ మీద, జుట్టు పాయలు తీసి, చంకల్లో, నడుం దగ్గర, మోకాళ్ళ వెనక అవ్వ వేళ్ళతో తడిమి చూసేది. నాయన పక్కన నిలబడేవాడు. గడ్డి మీద నుంచి ఎక్కినవి ఒకటో రెండో మేజోళ్ళ మీద పాకుతూ దొరికేవి. వాటిని దులిపేసేవారు. ఒంటికి పట్టినవి మాత్రం దొరకలేదు. నూనె వల్ల అని అవ్వ, గుడ్డ వల్ల అని ఖాలా. నన్నడిగితే (ఎవరూ అడగలేదు) అవ్వ గోళ్ళ వల్ల. పిడుదు ఎక్కగానే కరవదు, మంచి చోటు వెతుక్కుంటూ తిరుగుతుంది. అది చోటు వెతుక్కునేలోపల అవ్వ దాన్ని వెతుక్కునేది. మేనకోడలికి కూడా ఇదే చెప్పాను: కాళ్ళు కప్పు, ఇంటికి రాగానే తడిమి చూడు, దొరికితే చిన్న పట్టకారుతో నిటారుగా లాగు. "అంతేనా అత్తా, నూనె ఏమీ లేదా" అని ఆ పిల్ల నిరాశపడింది. జనానికి సీసాలో ఉంటే తప్ప నమ్మకం కుదరదు.

ఎంపిక రోజు వచ్చింది. మా డ్రిల్లు సారు ముందురోజే ఇంటికొచ్చి చెప్పాడు. "అవ్వా, కడప గ్రౌండు టౌను నడిమధ్యలో ఉంటాది. ఆడ గొర్రెలు లేవు, పిడుదులు లేవు. రేపు ఒక్క పొద్దు నూనె వద్దు."

"గొర్రెలు లేకుంటే కడపలో అంతమంది బిర్యాని యాడ్నించి తింటాండారు సారూ?"

"అవి కోసిన గొర్రెలు అవ్వా."

"కోయకముందు నడుచుకుంటా వచ్చినవే గదా?"

సారు ఆటలో నూనె గురించి ఏదో నియమం చెప్పబోయి, అవ్వ చూపు చూసి, విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. తెల్లవారి నేను మొత్తుకుంటున్నా వినకుండా రోజూకంటే ఎక్కువే పట్టించింది, పరాయి ఊరి పిడుదులు ఎట్లా ఉంటాయో ఏమో అని. తనూ నాతో బస్సెక్కింది. మేం ఎక్కిన కాసేపటికి మా చుట్టూ సీట్లు ఖాళీ అయ్యాయి. కండక్టరు ముక్కు మూసుకుని వచ్చాడు.

"ఎవరమ్మా కానుగ డబ్బా తెచ్చింది? లగేజి టికెట్ తీసుకోండి."

"డబ్బా కాదప్పా, నా మనవరాలు. దానికి టికెట్ తీసుకున్నా గదా" అంది అవ్వ.

మైదానంలో రెఫరీ నా మేజోళ్ళు విప్పించి, మా గోళ్ళు చూశాడు. నా అరచేతులు శుభ్రంగానే ఉన్నాయి. వాసన వచ్చినట్టుంది, తల తిప్పి మైదానం పక్కన మురుగు కాలువ వైపు చూసి, మునిసిపాలిటీని ఏదో తిట్టుకున్నాడు. కడప జట్టు నాయకురాలు పొడుగ్గా ఉండేది, మేం అక్కడే ఆ పిల్లకు జిరాఫీ అని పేరు పెట్టుకున్నాం. నేను కూతకు పోయాను. జిరాఫీ నా చీలమండ పట్టుకుంది. నేనింకా లాగుకోనే లేదు, కాలు దానంతటదే బయటికొచ్చేసింది. మళ్ళీ పోయాను. ఈసారి ముగ్గురు పట్టుకున్నారు, ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని మిగిలారు. మా పిల్లలు ఎగిరి గంతేశారు. గట్టు మీద కూర్చున్న అవ్వ ఏమీ అర్థం కాకుండా, మనవరాలికి ఇంత బలం ఎప్పుడొచ్చిందా అని నోరు తెరుచుకుని చూస్తోంది. జిరాఫీ మాత్రం తన అరచేతుల వైపు చూసుకుని, వాసన చూసి, నేరుగా రెఫరీ ముఖం ముందు పెట్టింది.

"సార్, ఈ పాపను పట్టుకోవల్లంటే వల కావాల."

రెఫరీ నా మోచెయ్యి మీద వేలు పెట్టి రాశాడు. వేలు జారింది. డ్రిల్లు సారు పరుగెత్తుకొచ్చాడు.

"అది నూనె కాదు సార్, వైద్యం."

"వైద్యమైతే ఆసుపత్రికి తీస్కపొండప్పా. ఈడికెందుకు తెచ్చినారు?"

అప్పుడు అవ్వ గట్టు దిగింది. "ఏమప్పా, ఈ బిడ్డకు పిడుదు కరిచి చచ్చి బతికింది. నీ రూల్సు పుస్తకంలో పిడుదు మాట యాడన్నా రాసిండాదా?"

"లేదమ్మా. నూనె మాట రాసిండాది."

"పిడుదు సంగతి తెలీనోళ్ళు రాసింటారు."

"అమ్మా, నువ్వు రాసినదాన్ని మార్చలేవు, నేనూ మార్చలేను. సగం ఆట అయిపోయే లోపల ఈ పాపను కడిగి తెస్తే ఆడనిస్తా. ఇంతసేపు దానికొచ్చిన పాయింట్లు పోతాయి. కడగకపోతే పాప పోతాది."

ఇంతసేపూ రెఫరీతో, కండక్టరుతో, ఖాలాతో, లోకంతో తడుముకోకుండా మాట్లాడిన అవ్వ అక్కడ ఆగిపోయింది. నూనె ఉంటే ఆట లేదు. నూనె లేకుండా ఆడి, ఒక్క పిడుదు పట్టిందంటే, కొడుక్కిచ్చిన మాట పోతుంది, నా కబడ్డీ కూడా దాంతోనే పోతుంది. నా ముఖం చూసింది. ఆమె నా రెక్క పట్టుకుని కొళాయి దగ్గరికి లాక్కుపోయింది. పక్కన టీ అంగట్లో గుడ్డలుతికే సబ్బు అడుక్కుంది. పీచు లేక తన కొంగుతోనే రుద్దింది. బర్రెను కూడా అంత కసిగా ఎవరూ కడగరు. వీధి జనం నిలబడి చూస్తున్నారు. తుడవకుండానే వెనక్కి తిప్పి నెట్టింది. "పో. కరిస్తే కరవనీ."

నేను తడి బట్టలతో పోయి ఆడాను. ఈసారి కాలు పట్టుకుంటే కాలు అక్కడే ఉంది. నేనే లాక్కోవలసి వచ్చింది. ఒకసారి జిరాఫీని నడుం మీద మోసుకుంటూ గీత దాకా పాకాను. ఇంకోసారి దొరికిపోయాను. మేం ఓడిపోయాం, ఘోరంగా కాదు, గౌరవంగా. గోడ నీడలో కుర్చీలు వేసుకున్న ఎంపికవాళ్ళు చివర్లో జిల్లా జట్టు పేర్లు చదివారు. అందులో జిరాఫీ పేరుంది, నాదీ ఉంది. కాబట్టి తమ్ముడూ, విను: నూనెతో వచ్చినవి కొట్టేశారు. నన్ను తీసుకున్నది సబ్బుతో కడిగిన తర్వాత.

తిరుగు బస్సులో అవ్వ ఒక్క మాట అడిగింది. "ఆ పొడుగు పిల్లను మోసుకోని ఎట్ల పాకినావే? ఇంట్లో బిందెడు నీళ్ళు మోయమంటే నడుం నొప్పంటావు." నవ్వింది కూడా. అప్పటిదాకా కబడ్డీ అంటే పిడుదులు తెచ్చే ఒక పని అనుకునేది కాబోలు, ఆట చూడటం ఆమెకు అదే మొదలు.

ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టే వేళ. కరెంటు లేదు. ఎంపికైన సంగతి చెప్పినా నాయన ముందు తనిఖీ అన్నాడు. బ్యాటరీ లైటు పట్టుకుని నిలబడ్డాడు. అవ్వ చెవుల నుంచి మొదలుపెట్టింది. మెడ, చంకలు, నడుం. ఎడమ మోకాలి వెనక్కి వచ్చేసరికి ఆమె వేలు ఆగింది. నాకూ తెలిసింది, అక్కడ సన్నగా చురుక్కుమంది. లైటు సరిగ్గా అక్కడే ఉంది. వెలుగు కొంచెం కూడా కదల్లేదు. కడప మైదానంలోనే ఎక్కిందో, పొద్దున మా ఊరి బస్టాండులో ఎక్కిందో దేవుడికి తెలియాలి. అవ్వ గోరు చర్మానికి ఆనింది. నిటారుగా, తొందరపడకుండా లాగింది. మూసిన పిడికిలిని చీర కుచ్చిళ్ళ వెనక్కి పెట్టుకుంది.

"ఏమ్మా?" అన్నాడు నాయన.

"ఏముంది, చెమటకాయ" అంది అవ్వ.

"ఊ" అని నాయన లైటు ఆర్పి లోపలికి వెళ్ళాడు. గొర్రెలు లేని చోట కూడా పిడుదు ఉంటుందని డ్రిల్లు సారుతో వాదించిన మనిషి, ఆధారం పిడికిట్లో పెట్టుకుని కూడా ఎవరికీ చెప్పలేదు. నాకు కూడా చెప్పలేదు. తను బతికినన్నాళ్ళు మా అవ్వ గెలిచి కూడా చాటుకోలేకపోయిన వాదం అదొక్కటే.

తెల్లారి నాయన ఎవరూ అడక్కుండానే ఎద్దులకు గుంటక కట్టుకుని పోయి, బడి వెనక బీడులో గడ్డినంతా చెక్కి, పోగుపెట్టి తగలబెట్టి వచ్చాడు. ఎందుకని అడిగితే, "ఎద్దులు ఊరికే నిలబడిండాయి" అన్నాడు. ఆ తర్వాత నేను కర్నూలు పోయాను, అనంతపురం పోయాను, నంద్యాలలో ఒక పన్ను పోగొట్టుకున్నాను, కాలేజీ దాకా ఆడాను. ఇప్పుడు ఆ మోకాలికే పట్టీ వేసుకుని, మేడ మెట్లు ఒక్కొక్కటీ గోడ పట్టుకుని ఎక్కుతున్నాను. జిరాఫీలను మోసిన మనిషిని నేనేనా అని మధ్యలో ఆగినప్పుడల్లా నవ్వొస్తుంది.

మొన్న తమ్ముడింటికి పోయినప్పుడు నాయన పేపరు చదువుకుంటున్నాడు. పక్కన కూర్చుని ఆ సాయంత్రం సంగతి ఎత్తాను. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు ఎత్తానో, ప్రతిసారీ ఒకటే జవాబు. "ఏ పిడుదు మే?" అని అద్దాల పైనుంచి చూసి, మళ్ళీ పేపర్లోకి తల దించాడు. ఆ పేపరు వెనక నవ్వుతున్నాడో, నిజంగానే చదువుతున్నాడో నాకు కనపడలేదు. నేను అంత తేలిగ్గా వదిలే రకం కాదని ఆయనకూ తెలుసు. ఎద్దులు ఊరికే నిలబడినందుకు ఎవరైనా ఇతరుల బీడు చెక్కుతారా, నాయనా? బ్యాటరీ లైటు పట్టుకుంది నువ్వే కదా, ఆ రోజు నువ్వు చూశావా, లేదా?